బద్ధకమనుకొన్నాము

పిల్లల పెంపకం గూర్చి రాసేవారు సాధారణంగా తాము చేసిన మంచి పనులను రాస్తారు. మేమిద్దరం మాత్రం మేము చేసిన ఒక తప్పును గూర్చి రాయాలనుకొన్నాము. మీ ఇంట్లో పదమూడేళ్లు దాటిన బిడ్డ ఉంటే, తెల్లవారుజామున ఆ బిడ్డను లేపడానికి మీరు ప్రతిరోజూ గొంతు చించుకొంటూ ఉంటే, ఇది మీ కొరకే అనుకోండి.

మా కాపురం చేవెళ్లలో. మా బాబు 2024 జూన్‌లో పదో తరగతిలోకి వచ్చాడు. బడి మొయినాబాదు వైపు. హైదరాబాదు నుండి బీజాపూరు పోయే పెద్ద రోడ్డు మీద, ఆ ముసలి మర్రిచెట్ల నీడన, చేవెళ్లకూ మొయినాబాదుకూ మధ్య బస్సులో అరగంట ప్రయాణం. అయితే బడి బస్సు నేరుగా పోదు. చేవెళ్లలో పిల్లలను ఎక్కించుకొని, లోపలి ఊళ్లన్నీ తిరిగి, గేటు గేటు దగ్గర ఆగి, గంటకు పైగా పోతుంది. పదో తరగతివారికి ఉదయం ఏడున్నరకు స్పెషల్ క్లాసు. కాబట్టి మా వీధి చివరికి బస్సు 6:20కే వచ్చేది. మొదట ఎక్కేది మా వాడే. జనవరిలో మన ప్రాంతంలో సూర్యుడు ఉదయించేది పావు తక్కువ ఏడు ప్రాంతంలో. అంటే నడి చలికాలంలో ఆ బస్సు వేళకు ఇంకా సూర్యోదయం కాదు.

ఆ బస్సుకు అందాలంటే ఐదింటికి లేవాలి. పైగా మా ఇంట్లో పెద్దల నాటినుండి ఐదు గంటలకు కుటుంబ ప్రార్థన ఉన్నది. గొంగడి కప్పుకొని నానమ్మ, కళ్లు నలుపుకొంటూ చెల్లెలు, గోడకు జేరబడి వాడు. పాట పూర్తికాకముందే వాడి తల ఛాతీ మీదికి వాలిపోయేది. మాలో ఒకరు మోచేత్తో పొడిచేవాళ్లం. ప్రార్థన చివర "ఆమేన్" అనే మాట అందరికంటె ఆలస్యంగా, నిద్రగొంతుతో, వాడి దగ్గరనుండి వచ్చేది.

మేము దాన్ని బద్ధకమన్నాము. భక్తిలేకపోవడమన్నాము. సామెతల గ్రంథంలోని సోమరిని, చీమను వాడికి ఎన్నిసార్లు గుర్తుచేశామో లెక్కలేదు. ఒకరోజు వాడు కళ్లు మూసుకొనే, "చీమలకు పదో తరగతి ఉండదు కదమ్మా" అన్నాడు. ఎదురు చెప్పాడని ఆ రోజు వాడితో మాట్లాడలేదు. ఇంకొక రోజు మొహాన చెంబెడు నీళ్లు కొట్టాము. వాడు ఏడవలేదు, కోపపడలేదు. తువ్వాలు తీసుకొని లేచి వెళ్లిపోయాడు. ఆ మౌనమే మమ్మల్ని ఆపవలసింది. ఆపలేదు.

ఆగస్టులో ఒక ముసురు రోజున బస్సు తప్పిపోయింది. బండి మీద ఎక్కించుకొని మాలో ఒకరం బయలుదేరాము. కనకమామిడి దాటిన తరువాత వాడి నుదురు వీపుకు ఒకసారి తగిలింది, రెండోసారి తగిలింది. సర్దుకొంటున్నాడనుకొన్నాము. అంతలో వెనుక బరువు ఒక పక్కకు జారిపోతున్నట్లు తెలిసింది. ఎడమచేయి వెనక్కు చాపి చొక్కా దొరకబుచ్చుకోగానే బండి ఊగిపోయింది. పుస్తకాల సంచి రోడ్డుమీద పడింది. వెనకాల వస్తున్న లారీ బ్రేకు వేసిన చప్పుడు ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. దేవుని దయవలన వాడు పడలేదు.

బండి పక్కకు తీసి చూస్తే వాడి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. మొదట వాడన్న మాట ఇది: "పండుకోలే నాన్నా. కండ్లు మూసిన, గంతే." చావు తప్పిన బిడ్డ, నిద్రపోయినందుకు సంజాయిషీ చెప్పుకొంటున్నాడు! నిద్రపోవడం నేరమని వాడికి నేర్పింది ఎవరు? మేమే గదా.

ఆ రోజు బడికి పోలేదు. వాన తగ్గేదాకా ఆగుదామని ఒక మర్రిచెట్టు కింద కూర్చున్నాము. ఐదు నిమిషాల్లో వాడు ఆ తడిసిన సంచిమీదే తల పెట్టి నిద్రపోయాడు. పక్కనుంచి టమాటాల బండ్లు, ఇటుక లారీలు, కాలేజీ బస్సులు పోతూనే ఉన్నాయి. వాడికేమీ తెలియలేదు. గంటసేపు పడుకొన్నాడు. ఇంటికి వచ్చి జరిగింది చెప్పినప్పుడు నానమ్మ ఏలీయా కథ ఎత్తింది. అలసి సొలసి బదరీవృక్షం కింద పడుకొన్న ఆ ప్రవక్తను దూత గద్దించలేదు. తిండి పెట్టి, మళ్లీ పడుకోనిచ్చాడు. "ఆయన పని చెప్పింది అటెంక" అన్నది ఆమె. ఈ కథను సండే స్కూల్లో మేము ఎన్నో ఏండ్లు చెప్పాము. ఆ నిద్ర దగ్గర ఎన్నడూ ఆగలేదు.

మరునాడు వాడిని చేవెళ్లలోనే ఒక డాక్టరమ్మగారి దగ్గరకు తీసుకొనిపోయాము. రక్తం తక్కువేమో, బలం మందు రాస్తారేమో అనుకొన్నాము. ఆమె రక్తపరీక్ష చేయించారు. లోపమేమీ లేదు. అప్పుడు ఆమె మూడే ప్రశ్నలు అడిగారు. రాత్రి ఎప్పుడు పడుకొంటాడు? పదకొండుకు. ఎందుకంత ఆలస్యం? చదువు అయ్యేసరికి పదవుతుంది, ఆ తరువాత పడుకొన్నా నిద్ర పట్టదంటాడు. సెలవుల్లో ఎప్పుడు లేస్తాడు? మేము నవ్వి, "లేపకపోతే ఎనిమిది తొమ్మిదిదాకా లేవడండీ, మహా బద్ధకం" అన్నాము. ఆమె నవ్వలేదు. "వేసవి సెలవుల్లో మొదటి రెండు మూడు రోజులు కాదు, వారం గడిచిన తరువాత ఎంతసేపు పడుకొన్నాడో గుర్తుందా?" అని అడిగారు. ఆలోచిస్తే, పదకొండుకు పడుకొని ఎనిమిదికి లేచేవాడు. తొమ్మిది గంటలు. "అదే ఈ బాబు అసలు లెక్క. బాకీ తీరిన తరువాత శరీరం చెప్పే మాట అదే" అన్నారామె.

ఆమె చెప్పినదాన్ని మాకు అర్థమైనంతలో మీకు చెబుతాము. మనిషి శరీరంలో ఒక గడియారం ఉన్నది. చీకటి పడిన కొంతసేపటికి మెలటోనిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. అది వచ్చిన తరువాతనే నిద్ర ముంచుకొస్తుంది. పిల్లలు ఎదిగే వయసులో, ఇంచుమించు పన్నెండు పదమూడేళ్లనుండి, ఈ గడియారం వెనక్కు జరుగుతుంది. ఒక గంట, కొందరిలో రెండు గంటలదాకా కూడ. ఐదో తరగతిలో తొమ్మిదింటికే నిద్రపోయిన బిడ్డకు పదో తరగతిలో పదకొండైనా నిద్ర రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం. పైగా పగలంతా మేలుకొన్నకొద్దీ పేరుకొనే నిద్ర బరువు కూడ ఈ వయసులో నెమ్మదిగా పేరుకొంటుంది. అందుచేత చిన్నపిల్లలకంటె వీరు రాత్రి ఎక్కువసేపు మెలకువగా ఉండగలరు. కాని నిద్ర అవసరం మాత్రం తగ్గదు. పదమూడు నుండి పద్దెనిమిదేళ్లవారికి రాత్రికి 8 నుండి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది.

అవసరం తగ్గదన్నది ఎలా తెలిసిందంటే, 1970ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్కాడన్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివారు పిల్లలకు వేసవి నిద్ర శిబిరాలు పెట్టారు. అదే పిల్లలను ఏటేటా పిలిచి, పడుకోవడానికి రాత్రి పది గంటల సమయమిచ్చి చూశారు. పెద్దవుతున్నకొద్దీ నిద్ర తగ్గుతుందని వారనుకొన్నారు. తగ్గలేదు. చిన్నవారూ పెద్దవారూ కూడ తొమ్మిది గంటలకు పైనే నిద్రపోయారు. పైగా ఎదిగిన పిల్లలకే పగటిపూట మగత ఎక్కువగా కనిపించింది.

డాక్టరమ్మగారు ఇంకొక మాట చెప్పారు. తెల్లవారుజామున ఐదు గంటలంటే, అలా వెనక్కు జరిగిన గడియారంలో నడిరాత్రి మూడు గంటల వంటిదట. "మిమ్మల్ని రోజూ మూడింటికి లేపి లెక్కలు చేయమంటే ఎలా ఉంటుంది?" అని అడిగారు. మేము జవాబు చెప్పలేకపోయాము.

ఇంటికి వచ్చి నానమ్మకు చెబితే ఆమె ఒప్పుకోలేదు. చేవెళ్ల చుట్టుపక్కల పూలు, కూరగాయలు పండించే ఇండ్లలో పెరిగినవారికి ఈ మాట రుచించదు. "చీకట్నే లేచి చేమంతులు తెంపి, గంపలు ఎత్తి, మొదటి బస్సుకు పట్నం పంపినం. మేం సచ్చిపోయినమా?" అన్నది. అది కొట్టిపారేయదగిన మాట కాదు. ఆ చెమట వలననే మేము చదువుకొన్నాము. కాని చెల్లెలు మెల్లగా, "నానమ్మా, మరి అప్పుడు రాత్రి ఎప్పుడు పండుకునేటోళ్లు?" అని అడిగింది. నానమ్మ కొంచెంసేపు ఆగి, "కరెంటు యాడిది బిడ్డా? తిన్నంక దీపం తీసేస్తే అయిపాయె. మళ్ల పగటీలి చెట్టుకింద ఇంత కన్ను మలిపేటోళ్లం" అన్నది. తానే లెక్క వేసుకొని, "మీవోనికి ఆ రెండూ లేవు పో" అన్నది.

మాలో ఒకరికి లెక్కలు రాసే ఉద్యోగం. పాత హాజరు పుస్తకం ఒకటి తీసి రెండు వారాలు రాశాము. పడుకొన్న గంట, లేచిన గంట. సగటున రాత్రికి ఆరు గంటల పది నిమిషాలు తేలింది. ఎనిమిది గంటలు చాలనుకొన్నా, రోజుకు దాదాపు రెండు గంటల బాకీ. ఆరు రోజుల బడికి పదకొండు గంటలు. వాడు ఆదివారం పొద్దున లేవకపోవడం, గుడిలో ప్రసంగం సగంలో తూలడం, సాయంత్రం ఊరికే చెల్లెలి మీద విసుక్కోవడం, తెలిసిన లెక్కనే పరీక్షలో తప్పు చేయడం, అన్నీ ఆ బాకీ పద్దు కిందికే వచ్చాయి. వాడి తప్పులుగా మేము రాసుకొన్నవి చాలావరకు మా పద్దులో ఉండవలసినవి.

మొదట మా చేతిలో ఉన్నది సరిచేసుకొన్నాము. కుటుంబ ప్రార్థనను ఐదింటినుండి రాత్రి ఎనిమిదిన్నరకు మార్చాము. దీనికి మా మనస్సులు అంత తేలికగా ఒప్పుకోలేదు. పెద్దలు పెట్టిన ఆనవాయితీ తప్పుతున్నామేమో అనిపించింది. కాని మొదటి రాత్రే వాడు కళ్లు తెరచుకొని పాట పాడాడు. ఆ సంవత్సరంలో వాడి గొంతు మేము పూర్తిగా విన్నది అప్పుడే. రాత్రి ట్యూషను మానిపించాము. సంచి, యూనిఫాం రాత్రే సర్ది పెట్టే అలవాటు చేశాము. సాయంత్రం ఐదు తరువాత టీ మానేశాడు. తొమ్మిదిన్నర తరువాత ఫోన్లన్నీ ముందుగదిలో చార్జింగుకు పెట్టాలన్నాము. "అన్నీ అంటే మీవి కూడానా?" అన్నాడు. మావి కూడ. నిజానికి వాడికంటె మాకే అది కష్టమైంది.

ఇంత చేస్తే దక్కింది ముప్పావుగంట. పదింబావుకు ముందు వాడికి నిద్ర పట్టలేదు. తొమ్మిదింటికే పడుకోబెట్టి చూస్తే చీకట్లో పైకప్పు చూస్తూ గంటసేపు పొర్లేవాడు. గడియారం వెనక్కు జరిగిందంటే ఏమిటో అప్పుడు మా కళ్లతో చూశాము. రాత్రివైపు ఇంక జరపడానికి చోటు లేదు. మిగిలింది పొద్దుటివైపు. అది మా చేతిలో లేదు, బడి గంట చేతిలో ఉంది.

ఇక్కడ మరొక సంగతి చెప్పాలి. మా బంధువుల అబ్బాయి ఒకడు అదే ఏడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదివేవాడు. రాష్ట్రంలో జంట నగరాలు తప్ప మిగతాచోట్ల ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు అంతకుముందు తొమ్మిదిన్నరకు మొదలయ్యేవి. 2024 జూలైలో దాన్ని తొమ్మిదికి మార్చారు. అరగంట ముందుకు జరిగిందని ఆ పిల్లవాడు గొణిగాడు. అయినా వాడు ఆరున్నరకు లేచి, తీరికగా తిని, నడిచి వెళ్లేవాడు. పరీక్షలు దగ్గరపడినప్పుడు అక్కడా పొద్దున ఒక గంట స్పెషల్ క్లాసు పెడతారు. అది కొన్ని నెలల ముచ్చట. మేము ఫీజు కట్టి, బస్సుకు వేరే డబ్బు కట్టి, మా వాడికి కొన్నది ఏమిటంటే గంటన్నర తక్కువ నిద్ర.

నవంబరులో బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. మేము లేచి, పదో తరగతివారి పొద్దుటి స్పెషల్ క్లాసు తీసివేయమని అడిగాము. అడగడానికి ముందు కొంత చదువుకొని పోయాము. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఎడైనా అనే ఊరు 1996లోనే తమ ఉన్నత పాఠశాలను ఎనిమిదిన్నరకు మార్చింది. అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2014లో, ఎదిగే పిల్లల బడులు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టవద్దని కోరింది. సియాటిల్ నగరంలో 2016లో బడి గంటను 7:50 నుండి 8:45కు మార్చారు. పిల్లలు ఆ సమయమంతా రాత్రి మేలుకొంటారని కొందరన్నారు. కాని పిల్లల మణికట్టుకు కదలికలు కొలిచే గడియారాలు కట్టి చూస్తే, రాత్రికి 34 నిమిషాల నిద్ర పెరిగిందని తేలింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో ఏకంగా చట్టమే చేసింది, అది 2022లో అమలులోకి వచ్చింది. మన పక్కనున్న మహారాష్ట్రలో 2024 ఫిబ్రవరిలో, నాలుగో తరగతి వరకు బడులు తొమ్మిదికి ముందు మొదలుపెట్టకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. చిన్నారులను గూర్చి ఆలోచించారు, సంతోషం. గడియారం వెనక్కు జరిగే వయసువారు మాత్రం ఆ ఉత్తర్వులో లేరు.

మా మాట అందరికీ నచ్చలేదు. నచ్చనివారి మాటల్లోనూ న్యాయముంది, అది కూడ రాయాలి. ఒక తల్లి, "మేమిద్దరం ఏడింటి బస్సుకు పట్నం పోవాలె. ఇంటికి తాళమేసి పిల్లను ఎవరికి అప్పజెప్పాలె?" అన్నది. ఒక రైతు లేచి, "పొద్దున లేటైతే సాయంత్రం లేటైతది సార్. చలికాలం ఆరుకే చీకటి పడుతది. గేటుకాడ దిగి ఊర్లెకు నడిచే ఆడపిల్ల మాటేంది?" అన్నాడు. బడివారు బస్సుల లెక్క చెప్పారు. అవే బస్సులు మొదట దూరపు ఊళ్లు తిరిగి, రెండోసారి దగ్గరి పిల్లలను తెస్తాయి. ఒకటి కదిపితే అన్నీ కదులుతాయి. మరొకాయన, "మార్కులు తగ్గితే మీరు జవాబు చెబుతారా?" అని అడిగాడు. మేము చెప్పలేమన్నాము. అప్పుడు వెనుక వరుసలోనుండి ఒక ముసలి తాత, మనుమరాలి కోసం వచ్చినవాడు, "మా పిల్ల బస్సులనే నిలబడి నిద్రపోతది. సీటు దొరికితే మంచిగుండు" అని మాత్రం అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చాలా తలలు ఊగాయి.

ఆ రోజు ఏదీ తేలలేదు. రెండు వారాల తరువాత కబురు వచ్చింది. పొద్దుటి స్పెషల్ క్లాసును శనివారం మధ్యాహ్నానికీ, వారంలో రెండు ఖాళీ పీరియడ్లకూ సర్దారు. సాయంత్రం బస్సు సమయం మారలేదు, కాబట్టి ఆడపిల్లల తల్లిదండ్రులకు భయం లేదు. డిసెంబరు నుండి మా వీధి చివరికి బస్సు 6:20కి బదులు 6:55కు రావడం మొదలైంది. ముప్పై ఐదు నిమిషాలు! సియాటిల్ పిల్లలకు దక్కినంత.

ముప్పై ఐదు నిమిషాలు ఏపాటి అని మీరనవచ్చు. మొదటి వారంలోనే తేడా తెలిసింది. వాడిని లేపడానికి ఒక్కసారి పిలిస్తే చాలింది. మొదటిసారి వాడు ఇడ్లీ తిని బస్సెక్కాడు. అంతవరకు డబ్బాలో పెట్టి ఇస్తే బస్సులో తినకుండా తిరిగి తెచ్చేవాడు. బస్సెక్కేసరికి తూర్పున వెలుగు ఉండేది. ఇంట్లో చేసిన మార్పులూ ఇదీ కలిసి రాత్రికి ఏడున్నర గంటలయ్యాయి. ఎనిమిదికి ఇంకా తక్కువే. మార్కులు అమాంతంగా పెరిగాయని చెబితే అబద్ధమవుతుంది. కొంత పెరిగాయి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు వచ్చి చిన్న తరగతులన్నీ ఎనిమిదికే మొదలైనప్పుడు, వీధిలోని పిల్లలందరూ మళ్లీ కళ్లు నలుపుకొంటూ నిలబడ్డారు. ఎండలకు అది తప్పదు. మా వాడికి అప్పటికి పరీక్షలు వచ్చేశాయి. వాడు పాసయ్యాడు, మంచి మార్కులతోనే. అంతకంటె ఎక్కువగా మాకు దక్కింది, ఇంట్లో అరుపులు లేని ఉదయాలు.

ఆ పైయేడు, 2025 నవంబరు 3న, తాండూరు నుండి హైదరాబాదు పోతున్న ఆర్టీసీ బస్సును మా చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొన్నది. 19 మంది చనిపోయారు. వారిలో చదువుల కొరకు పొద్దున్నే పట్నం బయలుదేరిన బిడ్డలున్నారు. దానికీ నిద్రకూ ముడిపెట్టడం మా ఉద్దేశం కాదు. కాని ఆ రోజునుండి మా ప్రాంతంలో, పిల్లలను పొద్దున్నే రోడ్డెక్కించే ప్రతి తల్లీ తండ్రీ ఇంత తొందర ఎందుకని ఒక్క క్షణం ఆగి అడుగుతున్నారు. కనకమామిడి దాటుతుంటే మాకూ లారీ బ్రేకు చప్పుడు మళ్లీ వినిపిస్తుంది.

మన సంఘాలను గూర్చి కూడ ఒక మాట. శనివారం రాత్రి యౌవనస్థుల కూటం పదకొండుకు ముగిస్తాము. డిసెంబరులో క్యారల్స్ అని అర్ధరాత్రి దాటేదాకా ఇల్లిల్లూ తిప్పుతాము. ఆదివారం ఆ బిడ్డలే తూలుతుంటే వేదికమీదనుండి మందలిస్తాము. మేమూ ఆ పని చేసినవాళ్లమే. ఈ క్రిస్మసుకు మా కాలనీలో పిల్లల క్యారల్స్ సాయంత్రం ఆరుకు మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించాలని అయ్యగారిని అడిగాము. ఆయన సరేనన్నారు. పాటలకేమీ లోటు రాలేదు.

పదో తరగతి తరువాత ఇంటర్ చేర్పించవలసి వచ్చినప్పుడు మాకు అసలు పరీక్ష ఎదురైంది. మొయినాబాదు నుండి చేవెళ్లదాకా హాస్టలు ఉన్న కాలేజీలకు కొదువ లేదు. రెండు మూడు చూశాము. ప్రతిచోటా ర్యాంకుల బోర్డులు చూపించారు. మేము ఒక్కటే అడిగాము: "పిల్లలు ఎన్నింటికి పడుకొంటారు, ఎన్నింటికి లేస్తారు?" ఒకచోట గుమాస్తాగారు వినలేదేమోనని మళ్లీ అడిగించుకొన్నారు. తరువాత గొప్పగా, "ఐదుకు బెల్లండీ, రాత్రి పదిన్నరదాకా స్టడీ అవర్స్. ఒక్క నిమిషం వృథా కాదు" అన్నారు. గదిలో ఒక పిల్లవాడు బల్లమీద తలపెట్టి పడుకొని ఉన్నాడు. మాతో వచ్చిన మా వాడు ఆ పిల్లవాడినే చూస్తున్నాడు. మేము ఫారం తీసుకోకుండా బయటకు వచ్చేశాము. ఇప్పుడు వాడు ఇంటినుండి పోయి వచ్చే కాలేజీలో ఉన్నాడు. ర్యాంకు వస్తుందో రాదో దేవునికే తెలుసు.

ఆ వీలు అందరికీ ఉండదని మాకు తెలుసు. హాస్టలు తప్ప వేరే దారిలేని ఇండ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. అందుకే ఇది ఒక్కొక్క ఇంటితో తీరే పని కాదు. మీ బిడ్డ బడిలోనో, హాస్టల్లోనో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి. ఒక్కరు అడిగితే వింతగా చూస్తారు. పదిమంది అడిగితే బస్సు వేళ మారుతుంది. బల్లమీద తలపెట్టిన ఆ పిల్లవాడు మా బిడ్డ కాదు. కాని వాడి కొరకు కూడ ఎవరో అడగాలి గదా.

ఇక మా చెల్లెమ్మకు ఈ ఏడు పదమూడు నిండాయి. మొన్న రాత్రి పదిన్నరకు మా గది తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, నిద్ర వస్తలేదు" అన్నది. మూడేళ్ల కిందట అయితే, "ఫోను చూస్తే నిద్రెట్ల వస్తది? పో, పండుకో" అని ఉండేవాళ్లము. ఇప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకొన్నాము. ఈ గడియారం కూడ జరగడం మొదలుపెట్టింది. లేచి లైటు తీసేసి, దాని మంచం పక్కన కూర్చొని, నానమ్మ పాడే పాట ఒకటి మెల్లగా పాడాము. దానికి నిద్రపట్టేసరికి పదకొండైంది.

పొద్దున్న లేపేముందు ఇంకొక పావుగంట ఆగాము.